ఎడమకాలి మీద ముప్పై రోకటిపోట్లు

తల తిరగడం అనేది చూసేవాళ్లకు కనిపించే రోగం కాదు. జ్వరమైతే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. పుండైతే మొహం తిప్పుకుంటారు. తల తిరుగుతోందంటే మాత్రం "తాగినవా?" అని అడుగుతారు. మా అన్న నన్ను మొట్టమొదట అడిగింది అదే. ఆ రోగంతో ఏడాది పైగా కాపురం చేశాను. ఇప్పుడు నడవడానికి గోడ పట్టుకోనక్కర లేదు, చెయ్యి ఖాళీగా ఉంది, అందుకని రాస్తున్నాను. నాలాగా పడేవాళ్లు చదివితే కొంత ధైర్యం వస్తుందని ఒక కారణం. పడ్డాక నేను చేసిన పని వాళ్లు చేయకూడదని ఇంకో కారణం. ఆ రెండోదే పెద్దది.

ముందే చెప్పేస్తున్నాను, నేను అనుమానపు మనిషిని. పాలు పోస్తే నీళ్లు కలిపారంటాను, ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వారంటాను. ఈ సిరా పలచగా దిగుతుంటే కూడా నా మనసు దుకాణదారు మీదికే పోయింది. కాబట్టి నేను చెప్పేదాన్ని మీరూ కొంచెం అనుమానంతోనే చదవండి, నాకేమీ కోపం రాదు.

మా ఇల్లు వనపర్తిలో. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో అన్న నాగన్న, వదిన ఈశ్వరమ్మ, నేను. అన్న ఊరి బయట జొన్నచేను కౌలుకు చేసేవాడు. నేను పొద్దున బడిలో డ్రిల్లు చేయించేవాణ్ణి, సాయంత్రం ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. అప్పట్లో మేమంతా వట్టికాళ్లతోనే ఆడేవాళ్లం, చీలమండలకు గుడ్డపేలికలు చుట్టుకుని. తోలుబంతి వానలో తడిస్తే నీళ్లు తాగి రాయిలా బరువెక్కేది. ముందు వరుసలో నడిమి చోటు నాది. పెనాల్టీ దొరికితే నేనుండగా ఇంకెవరూ బంతి దగ్గరికి వచ్చేవారు కాదు. బజార్లో నడుస్తుంటే "కుర్మయ్య పోతుండు" అని వేలు పెట్టి చూపించేవాళ్లు. ఆ మర్యాద అంతా నా కుడికాలు సంపాదించిందని నా నమ్మకం. ఆ చోటు పోతే నేనంటూ ఏమీ మిగలనని కూడా నమ్మకం.

యుద్ధం ముగిసిన ఏడాది, ఆషాఢంలో మొదలైంది ఇదంతా. మొదలైనట్టు అప్పుడు నాకు తెలియదు. ఆటగాళ్లం అందరం కలిసి బీచుపల్లికి పోయాం. కృష్ణకు కొత్తనీరు వచ్చి ఎర్రగా పారుతోంది. గట్టు మీది బండ నుంచి ఎవరు దూకుతారని మాట వచ్చింది. ఎవరూ అడగకముందే నేను మూడుసార్లు దూకాను. మూడోసారి తల పక్కకు తిరిగి, ఎడమ చెంప నీళ్లకు ఫెడీమని తగిలింది. చెవిలో ఏదో టప్పుమంది. పైకి తేలి నవ్వాను, ఎందుకంటే అందరూ చూస్తున్నారు.

శ్రావణంలో ఆ చెవి పోటు పెట్టి చీము కారింది. వదిన నూనెలో వెల్లుల్లి వేసి కాచి, చల్లారాక చెవిలో పోసింది. "తల గట్లనే వంచి ఉంచు, కదలకు," అని నా తల తన మోకాలి మీద ఆనించుకుని కూర్చుంది. నాలుగు రోజులకు పోటు తగ్గింది. చెవి సంగతి నేను మరిచిపోయాను.

అంతకుముందు వేసవిలో ఇంకో సంగతి కూడా జరిగింది. వదిన తన చెల్లెలిని నాకు చేసుకొమ్మని అడిగింది. ఇప్పుడే పెళ్లి వద్దన్నాను. ఆమె సరేనంది, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అలా ఎత్తకపోవడమే తర్వాత నా మనసులో పెద్ద సాక్ష్యమై కూర్చుంది.

దసరాకు గద్వాలలో ఆట. పొద్దున్నే వదిన సజ్జరొట్టెలు, నువ్వులపొడి మూట కట్టి ఇచ్చింది. నది ఒడ్డున కూర్చుని తిన్నాం. తర్వాత పుట్టి ఎక్కి కృష్ణ దాటాం. తోలు కప్పిన ఆ గుండ్రటి పడవ నీళ్ల మీద గిరగిరా తిరుగుతూనే పోతుంది, అది దాని తీరు. అవతలి ఒడ్డున దిగాక అందరికీ కాసేపు నేల తిరిగింది. నవ్వుకున్నారు, సర్దుకున్నారు. నాకు మాత్రం నేల ఆగలేదు. గద్వాల చేరాక గఫూర్ నాకొక లోటా షర్బతు ఇచ్చాడు. గఫూర్ మా జట్టులోనివాడే. నా చోటులో ఆడగలిగి ఉండి, నేనున్నందువల్ల రెండేళ్లుగా పక్కన కూర్చుంటున్నవాడు.

ఆట సగం దాటాక మాకు పెనాల్టీ దొరికింది. బంతి నేల మీద కదలకుండా ఉంది. నన్ను తోసేవాడు లేడు, అడ్డం వచ్చేవాడు లేడు. నాలుగడుగులు పరుగెత్తి, ఎడమకాలు బంతి పక్కన పెట్టి, కుడికాలు ఎత్తాను. ఎడమకాలి కింద నేల లేదు. నేల ఉంది, అందరికీ ఉంది, నాకు లేదు. బంతిని తాకకుండానే ఎడమవైపుకు మొద్దులా పడ్డాను. లేచి నిలబడబోయి మళ్లీ పడ్డాను. జనం ముందు నవ్వారు, తర్వాత "కల్లు తాగొచ్చిండు," అని ఒకడు అరిచాడు. నన్ను చేతుల మీద ఎత్తి అవతల పడుకోబెట్టారు. పడుకుని చూస్తుండగా గఫూర్ వచ్చి ఆ పెనాల్టీ కొట్టాడు. గోలు పడింది.

ఇంటికి ఎట్లా వచ్చానో సరిగ్గా గుర్తు లేదు. అన్న నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"తాగినవారా?"

"లేదన్నా."

"మరి ఏందిరా గిది?"

ఏమో నాకు తెలిస్తే కదా. రెండు వారాలు మంచం పట్టాను. కళ్లు తెరిస్తే ఇంటి దూలాలు ఒక పక్కకే జారిపోతున్నాయి, మూస్తే మంచం మునిగిపోతోంది. మంచంపట్టెలు రెండు చేతులతో పట్టుకుని పడుకునేవాణ్ణి. నీళ్లు తాగినా వాంతి. ఊరి వైద్యుడు ఏవో పొడులు తేనెలో కలిపి నాకమన్నాడు. మూడో వారానికి లేచి గోడ వెంబడి నడవగలిగాను. గోడ అయిపోయి వాకిలి వచ్చిన చోట ఆగిపోయేవాణ్ణి, ఏటి ఒడ్డున ఈత రానివాడిలాగా. జట్టువాళ్లు మొదటి వారం అందరూ వచ్చారు, రెండో వారం ఇద్దరు వచ్చారు. తర్వాత రోజూ సాయంత్రం మైదానం నుంచి బంతి తన్నిన చప్పుడు మాత్రం వచ్చేది.

మంచంలో ఉన్నవాడికి పనేముంది? ఆలోచన. నా ఆలోచన ఎప్పుడూ ఒకే దారిన పోతుంది. ఏ రోగమూ లేని ఇరవై మూడేళ్లవాడు, కదలని బంతి ముందు ఊరికే పడడు. ఎవరో ఏదో చేశారు.

మొదట గఫూర్‌ను పట్టుకున్నాను. షర్బతు ఇచ్చిందెవరు? నా చోటు ఎవరికి దక్కింది? కానీ తల తిరగడం షర్బతుకు ముందే, నది దాటగానే మొదలైంది కదా. నదికి ముందు నేను తిన్నదేమిటి? సజ్జరొట్టె. అక్కడ ఆలోచన ఆగి, మెల్లగా మా వంటింటివైపు తిరిగింది.

మా దిక్కు మందు పెట్టడం అంటే తెలియనివారు ఉండరు. ఒక మనిషిని తన మాట వినేటట్టు చేసుకోవడానికి అన్నంలో ఏదో కలిపి పెడతారట. అది కడుపులో కూర్చుని మనిషిని లోపల్నుంచి పీల్చేస్తుందట. దాన్ని కక్కించేవాళ్లు కూడా ఊరికొకరు ఉంటారు. వదిన తన చెల్లెలి మాట మళ్లీ ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు నాకు అర్థమైందనుకున్నాను. అడగడం మానేసింది అంటే వేరే దారి చూసుకుంది! చెవిలో పోసిన నూనె కూడా గుర్తొచ్చింది. అది ఉత్త నూనేనని ఎవరు చూశారు?

కార్తీకంలో అన్నతో అన్నాను, తెలకపల్లి దగ్గర మందు తీసేవాడున్నాడట, తీసుకుపొమ్మని. ఎవరి మీద నా అనుమానమో చెప్పలేదు. అన్న బండి కట్టాడు. దారి పొడుగునా బండిలో పడుకుని ఆకాశం చూస్తే తిరుగుతుందని మొహం మీద తువ్వాల కప్పుకున్నాను. ఆ మందు తీసేవాడు పరగడుపున ఏదో ఆకు పసరు తాగించాడు. పేగులు నోట్లోకి వచ్చినట్టు కక్కాను. కళ్లనీళ్లు తుడుచుకుని చూసేసరికి అతని అరచేతిలో వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ముద్ద ఒకటి ఉంది.

"సూసినవా? గిదే మందు. లోపట ఇంక వేళ్లున్నయి."

"ఎవరు పెట్టిండ్రు?" అన్నాను.

"పేరు నేను జెప్ప. అన్నం వెట్టే చెయ్యే వెట్టింది."

అన్న మొహం చూడలేకపోయాను. నిజం చెప్పాలి కదా, ఆ క్షణాన నాకు భయం కన్నా సంతోషమే ఎక్కువైంది. నేను ముందే కనిపెట్టాను! తిరుగు దారిలో అన్న ఎడ్లను ఒక్కసారి కూడా అదిలించలేదు.

ఇంటికి వచ్చాక నేను వదిన చేతి కూడు ముట్టలేదు. పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని జొన్నరవ్వతో నా గట్క నేనే వండుకున్నాను. గోడకు వీపు ఆనించి కూర్చుని కలిపేవాణ్ణి. సగం మాడేది, సగం ఉడికేది కాదు. వదిన రెండు రోజులు చూసింది. మూడో రోజు అన్న ఆమెకు సంగతి చెప్పాడు. ఆమె పెరట్లోకి వచ్చి నా పొయ్యి ముందు నిలబడింది.

"నీ కడుపుల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది కుర్మయ్యా? నీ చెవుల ఏమున్నదో జర సూపిచ్చుకో. ఎడమ దిక్కుకెళ్లి పిలిస్తె నువ్వు పలుకుతలేవు. శ్రావణంకెళ్లి సూస్తున్న."

నన్ను శ్రావణం నుంచి గమనిస్తోందంటే ఎంత పన్నాగమో అనుకున్నాను! మాట తప్పించడానికి చెవి మీదికి తెస్తోందనుకున్నాను. ఆమె మాటలో ఉన్నది తప్ప మిగతా అన్నీ విన్నాను.

అనుమానం మా ఇంట్లో ఆగలేదు. నేను ఎవరికీ చెప్పలేదు, కానీ పెరట్లో వేరు పొయ్యి పొగ ఊరంతటికీ కనిపిస్తుంది కదా. వదిన చల్ల తీసుకుపోతే పక్కింటివాళ్లు "ఉన్నది, వద్దు," అన్నారు. బావి దగ్గర ఆమె బిందె పెడితే పక్క బిందెలు జరిగాయి. పసిపిల్లల తల్లులు పిల్లల్ని ఎత్తుకుని లోపలికి పోయేవాళ్లు. ఇదంతా నేను అరుగు మీద కూర్చుని చూశాను. చూసి ఊరుకున్నాను.

పుష్యంలో ఒకరోజు వదిన అన్నతో, "బండి గట్టు, బీచుపల్లికి పోదం. ఈయనను గూడ ఎక్కియ్యి," అంది. ఎందుకో మాకిద్దరికీ తెలుసు. ఎవరి మీదనైనా నింద పడితే ఏట్లో మునిగి, తడిబట్టలతో ఆంజనేయస్వామి ముందు నిలబడి ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణం తప్పినవాళ్లు లేరు. తప్పితే ఏమవుతుందో ఎవరూ పైకి అనరు.

చలికి మా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆమె కృష్ణలో మూడు మునకలు వేసి, నీళ్లు కారుతుండగా వచ్చి స్వామి ఎదుట నిలబడింది. నేను స్తంభం పట్టుకుని ఉన్నాను.

"ఈ మనిషికి నేను మందు వెట్టలే. వెట్టి ఉంటె నా రెండు కండ్లు పోను," అంది. అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఆమె కుడిచెయ్యి చాపి మళ్లీ అంది. "ఇగ నేను బతికున్నన్ని దినాలు ఈ చేత్తోని ఈయన కంచంల మెతుకు ఏస్తె, స్వామీ, నీ మీద ఆన."

"గది ఎవరడిగిండ్రే నిన్ను?" అన్నాడు అన్న.

ఆమె కొంగు పిండుకుంటూ బండివైపు నడిచింది. నేనేమనుకున్నానో కూడా రాయాలి. అంత చలిలో ఈమె వణకడం లేదేమిటి అనుకున్నాను. అదీ లెక్కలో వేసుకున్నాను.

మాఘంలో గఫూర్ వచ్చాడు. నా చోటులో ఆడుతున్నవాడు నా ఇంటికి ఎందుకొచ్చాడా అని గోడకు ఇంకా గట్టిగా ఆనుకున్నాను. అతను చెప్పులు విప్పి కింద కూర్చున్నాడు.

"మా మామ యుద్ధంకెళ్లి వచ్చినంక గిట్లనే పడుతుండె. తోపుగుండ్ల మోతకు చెవు వోయిందంట. నాగర్‌కర్నూల్ దవాఖానల ఒక డాక్టరు సాబు సూసిండు. ఇప్పుడు నడుస్తుండు. నేను తీస్కపోత, వస్తవా?"

నేనింక ఆడలేనని డాక్టరు నోటితో చెప్పిస్తే ఇతనికి నిశ్చింత, అందుకే వచ్చాడు. నా లెక్క ఇది. అయినా ఒప్పుకున్నాను. మాడిన గట్క తిని తిని ప్రాణం విసిగింది. పైగా మందు కక్కి మూడు నెలలైనా తల తిరగడం తగ్గలేదు. మందు పోయాక కూడా రోగం ఎందుకుందో నా అనుమానానికి కూడా జవాబు దొరకలేదు.

ఫాల్గుణంలో బొగ్గు బస్సు ఎక్కి పోయాం. యుద్ధంలో పెట్రోలు లేక, వెనక పొయ్యి కట్టి బొగ్గుపొగతో నడిపిన బస్సులు ఇంకా కొన్ని అలాగే తిరుగుతున్నాయి. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరూ దిగి నడవాలి. గఫూర్ నా ఎడమ పక్కనే నడిచాడు. పట్టుకోలేదు, పడితే అందేంత దగ్గర్లో ఉన్నాడు.

దవాఖాన వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో డాక్టరు ఇచ్చే అరకు కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న ఖాళీ సీసా. కంపౌండరు ఒక్కో పేరు పిలిచినప్పుడల్లా పది మొహాలు లేస్తాయి, తొమ్మిది దిగుతాయి. కూర్చుందామంటే గోడ పక్కన చోటు లేదు, గోడ లేనిదే నేను కూర్చోలేను. నడిమిలో నిలబడి ఊగుతుంటే మోకాలు వాచిన ఒక ముసలమ్మ నన్ను కాసేపు చూసింది. కాలు ఈడ్చుకుంటూ పక్కకు జరిగింది.

"గోడకానుకో బిడ్డా. నాకు కూసుంటె సాలు, నీకు గోడ గావాలె."

అయిదు నెలల్లో నా రోగాన్ని సరిగ్గా చూసిన మనిషి ఆమేనని ఆ రోజు అనుకున్నాను. అంతకుముందే చూసిన మనిషి ఇంట్లో ఉందని ఇంకా ఒప్పుకోలేదు. ఆ ముసలమ్మ పేరు కూడా అడగలేదు.

డాక్టరు నడివయసు మనిషి, యుద్ధంలో సిపాయిలకు వైద్యం చేసి వచ్చినవాడు. చెవిలోకి దీపం పెట్టి చాలాసేపు చూశాడు. ఏట్లో దూకిన సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత నిలబడమన్నాడు.

"ఎడమకాలు మీద నిలుసో."

నిలబడ్డాను, ఊగుతూ.

"కండ్లు మూసుకో."

మూయలేదు. ఎదురుగా ఎవరున్నారో, వెనక ఎవరున్నారో చూడకుండా కళ్లు మూసుకోవడం నాకు చేతకాదు. అతను నవ్వి, "పడనియ్య, మూసుకో," అన్నాడు. మూశాను. అదే క్షణంలో అతని చేతుల్లో పడ్డాను.

"నువ్వు ఏ కాలుతోని తంతవ్?"

"కుడికాలుతోని సాబ్."

"తన్నేటప్పుడు ఎడమకాలు ఏం చేస్తది?"

"ఏం చెయ్యదు. నిలుస్తది."

"గదే అసలు పని. నిలిచే కాలు సరిగ నిలిస్తెనే తన్నే కాలుకు బలం. ఉరుకుడు, మళ్లుడు, ఎగురుడు, అన్ని దాని మీదనే. ఆ నిలుసుడు కాలు ఒక్కటే చెయ్యదు. కండ్లు, పాదం, చెవు మూడు కలిసి చేస్తయి. నీ చెవు లోపల దెబ్బ తిన్నది. ఇన్నొద్దులు కండ్లతోని గుంజుకొస్తున్నవ్."

అంత చెప్పినా నా నోరు ఊరుకోలేదు. కడుపులో మందు సంగతి చెప్పాను, ముద్ద సంగతి చెప్పాను. చెవిలో నూనె సంగతి చివరకు దాచుకుని చెప్పాను.

"పగిలిన చెవుల నూనె పొయ్యొద్దు, ఎవరు పోసినా తప్పే. కని దానితోని రాలే ఇది, అంతకుముందే ఏట్ల వచ్చింది," అన్నాడు. "గా ముద్ద నీ నోట్లకెళ్లి పడంగ చూసినవా?"

"కక్కేటప్పుడు కండ్లు మూసుకున్న సాబ్."

"గాయన చేతుల అంతకుముందు ఏమున్నదో చూసినవా?"

"లేదు."

"ఇంటోళ్లందరినీ అనుమానించి, గా ఒక్కణ్ణి ఎట్ల ఇడిచిపెట్టినవయ్యా?"

గది బయట గఫూర్ దగ్గినట్టు వినిపించింది. అనుమానించడానికి ఇంక మిగిలింది బండ మీది నుంచి మూడుసార్లు దూకినవాడు ఒక్కడే.

బస్సులో గఫూర్‌ను షర్బతు గురించి అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను, చెప్పాను కదా నా సంగతి. అతను నా కళ్లలోకి చూశాడు.

"అదే లోటాల నేను గూడ తాగిన. నీ జాగల ఆడాలని నాకు లేకుండెనా? ఉండె. అబద్ధమెందుకు? కని నువ్వు పడ్డంక ఆడుడు గాదు, నువ్వుండంగ నిన్ను దాటి ఆడాలని ఉండె."

ఇంటికి వచ్చేసరికి వదిన చేటలో జొన్నలు చెరుగుతోంది. "చెవి అంట వదినె," అన్నాను. దారంతా ఇంకా ఎన్నో కూర్చుకున్నాను, అన్నది అదొక్కటే. ఆమె చేట ఆపి, "చెవేనా," అంది. మళ్లీ చెరిగింది. అంతే.

మర్నాడు పొద్దున గోడలు పట్టుకుంటూ పక్కింటికి, ఎదురింటికి, బావి దగ్గరికి పోయాను. నాది చెవి రోగమని, మందు లేదు మన్ను లేదని, తప్పు నాదని చెప్పాను. కొందరు అయ్యో అన్నారు. ఒకామె మాత్రం, "మరి తడిబట్టల ప్రమాణం దాక ఎందుకు వోయిండ్రు?" అంది. ఆ ప్రశ్నలో నా గొంతే వినిపించింది నాకు. ఎంత దూరం పంపిస్తే అంత దూరం పోతుంది ఈ అనుమానం, వెనక్కి రమ్మంటే రాదు.

డాక్టరు చెప్పిన సాధన ఏమిటంటే, రోజూ రెండుపూటలా ఎడమకాలి మీద నిలబడాలి. మొదట కళ్లు తెరిచి, తర్వాత మూసి. దెబ్బతిన్న సిపాయిలతో అలాగే చేయించారట. పడితే పట్టుకోవడానికి ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండాలి. అన్న పొద్దున పోతే మాపటికి వచ్చేవాడు. ఇంటి మనిషి అంటే మిగిలింది వదినే.

చైత్రంలో మొదలుపెట్టాను. కళ్లు మూసుకుంటే రెప్పల సందున దొంగచూపు చూసేవాణ్ణి, ఆమె పక్కన ఉందో లేదో అని.

"కండ్లు తెరుస్తున్నవ్. నేను సూస్తనే ఉన్న," అనేది.

ఆమె అంకెలు లెక్కపెట్టేది. రెండో రోజే గొడవైంది. "తొందరగ లెక్కవెట్టి నిన్నటికన్న ఎక్కువ నిలిచిన అంటున్నవ్," అన్నాను. కోపం రావలసిన మాటే. ఆమెకు నవ్వొచ్చింది. దసరా తర్వాత ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

"నోటి లెక్క నమ్మకుంటె రోటి లెక్క నమ్ము," అంది.

రోట్లో జొన్నలు పోసి నా ఎడమ పక్కన దంచడం మొదలుపెట్టింది. రోకటిపోటు లెక్క. రోకలి తొందరపడదు, దానికి నా మీద జాలీ లేదు, కోపమూ లేదు. మొదటి వారం కళ్లు మూసి మూడు పోట్లు నిలబడ్డాను. నాలుగో పోటుకు వంగిపోయేవాణ్ణి, రోకలి చప్పుడు ఆగిపోయేది, నా రెక్క ఆమె చేతిలో ఉండేది. ఒక్కసారి కూడా నేలకు తగలలేదు. జ్యేష్ఠానికి పది పోట్లు. ఎప్పుడు మానేశానో తెలియదు కానీ, ఒకరోజు గుర్తొచ్చింది, నేను దొంగచూపు చూడటం లేదు. శ్రావణం నాటికి ముప్పై దాటాయి. మైదానంలో గఫూర్ బంతి మెల్లగా నేల మీద దొర్లిస్తే ఆపి తిరిగి తన్నేవాణ్ణి.

ఈ నెలలన్నీ అన్నం సంగతి ఎట్లా ఉండేదంటే, పెరట్లో నా రాళ్లు నేనే తీసి పారేశాను. వదిన వండింది తింటున్నాను. కానీ ఆమె గిన్నె తెచ్చి నాకు దూరంగా పెట్టి పోయేది. నేను పెట్టుకుని తినేవాణ్ణి. అన్నకు వడ్డించేది, వచ్చినవాళ్లకు వడ్డించేది. నా కంచం దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి ఆగిపోయేది.

మళ్లీ దసరా వచ్చింది. ఈసారి ఆట మా వనపర్తిలోనే. సగం ఆట అయ్యాక నన్ను దింపారు, గఫూర్ చోటులో కాదు, అతని పక్కన. వాన లేదు, ఎండ మంచిగా ఉంది. మసక వెలుతురులో నా కాళ్లు ఇప్పటికీ తడబడతాయి, అది దాచను. ఒకసారి బంతి గోలు ముందు నా కాలికి దొరికింది. ఎడమకాలు పక్కన పెట్టి కుడికాలు ఎత్తాను. ఆ ఎత్తిన క్షణం ఎంతో పొడుగ్గా అనిపించింది, రోకలి పైకి లేచి ఇంకా దిగనట్టు. కాలి కింద నేల ఉంది. తన్నాను. అవతలి గోల్‌కీపర్ దాన్ని పట్టేశాడు. గోలు కాలేదు, నేను పడలేదు. అందరూ గోలు పోయినందుకు అయ్యో అంటుంటే నేనూ గఫూర్ పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

ఇంటికి వచ్చేసరికి పూర్ణం పోలెల వాసన. వదిన పోలెల గిన్నె, నెయ్యి గిన్నె తెచ్చి ఎప్పటిలాగే దూరంగా పెట్టింది. అన్న తల వంచుకుని తింటున్నాడు. నాకు ఆకలి మీద ధైర్యం వచ్చింది.

"వదినె, ఇయ్యాల నువ్వు పెట్టు."

"ఎవరి ముందట ఆనవెట్టిన్నో మరిచినవా?" అంది. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే నాకు కష్టమైంది.

నేను లేచి నిలబడ్డాను. కంచం రెండు చేతులా ముందుకు చాపి కళ్లు మూసుకున్నాను. రెప్పలు గట్టిగా మూశాను, సందు లేకుండా. ఇంతకన్నా ఎక్కువ ఏం చెప్పాలో నాకు తెలియదు. అన్న నమలడం ఆపాడు. తర్వాత గిన్నె నేల మీద జరిగిన చప్పుడైంది. కంచం బరువు పెరగలేదు.

కళ్లు తెరిచాను. కంచం ఖాళీగానే ఉంది. పోలెల గిన్నె మాత్రం నా కాళ్ల దగ్గరికి వచ్చి ఉంది. వదిన నా ఎడమ పక్కన, పడితే పట్టుకునేంత దగ్గర్లో నిలబడి ఉంది.

వంగి నేనే పెట్టుకున్నాను.